ముల్లుకి ఎదురు ఎగిరే పక్షులు

దామ్ వీ పేరు ఎవరైనా నా ముందు మెచ్చుకోలుగా ఎత్తితే, తాగుతున్న టీ గిన్నె బోర్లించి లేచి వచ్చేస్తాను. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే కొందరు కావాలని ఎత్తుతారు. "ఏం కియెమ్ బాబాయ్, మీ వాడి ఫోటో మళ్ళీ పేపర్లో పడిందటగా" అంటారు, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ. వాడు మా వాడు కాదు. నా భార్య న్యాన్ తమ్ముడి కొడుకు. హనోయ్‌లో వాణ్ణి కళాకారుడంటారు, గడియారాల రూపశిల్పి అంటారు. నా లెక్కలో వాడు నా స్థలం పోగొట్టినవాడు, అంతే.

సరే, ఎలా పోగొట్టాడో చెప్పవయ్యా అంటే మాత్రం నాకు సరిగ్గా చెప్పడం రాదు. మొదటినుంచి చెప్పుకొస్తాను, అన్నీ సరిగ్గానే ఉంటాయి. వాడు చేసిందీ సరిగ్గానే ఉంటుంది, నేను చేసిందీ సరిగ్గానే ఉంటుంది. చివరికి వచ్చేసరికి స్థలం ఉండదు. మధ్యలో ఎక్కడ జారిపోయిందో ఇప్పటికీ నాకు దొరకలేదు. కాగితం మీద పెడితే దొరుకుతుందేమోనని రాస్తున్నాను.

మాది వెండి పని చేసే ఊరు. ట్రా లీ నది కట్ట దిగితే మొదటి సందులోంచే సుత్తి చప్పుడు మొదలవుతుంది. ఏడో తరగతిలో మా నాన్న నన్ను బడి మాన్పించి ఉలి చేతికిచ్చాడు. ఆయన మొదట నేర్పింది కంచు ఢంకా బొమ్మ. ఎప్పటివో, రెండు వేల ఏళ్ళ కిందటి ఢంకాలు. నేల తవ్వితే దొరికినవి. నడిమధ్య సూర్యుడు, చుట్టూ ఈకల టోపీల మనుషులు, వాళ్ళ చుట్టూ జింకలు, అన్నిటికీ బయట పొడుగు ముక్కుల పక్షులు వరసగా. ఆఫీసుల్లో గోడకి తగిలించే పళ్ళాల మీద, రిటైరైనవాళ్ళకిచ్చే జ్ఞాపికల మీద, పెళ్ళి పెట్టెల మూతల మీద ఎన్ని చెక్కానో చెప్పలేను. చెయ్యి దానంతటది చేసుకుపోతుంది. నేను రేడియో వింటుంటాను.

పక్షులు ఎటు ఎగురుతాయి అని నన్నెవరూ అడగలేదు. నేను మా నాన్నని అడగలేదు.

మూడేళ్ళ కిందట, మా కొత్త సంవత్సరం టెట్ పండగ వెళ్ళిన నెలలో వీ వచ్చాడు. కారు సందులో పట్టలేదు. కట్ట మీద ఆపి, తెల్ల బూట్లతో బురదలో నడుచుకుంటూ వచ్చాడు. వాళ్ళత్తకి స్విట్జర్లాండ్ చాక్లెట్లు తెచ్చాడు, నాకు ఒక సీసా తెచ్చాడు. జెనీవాలో నాలుగేళ్ళు గడియారాల చదువు చదివి వచ్చిన పిల్లాడు. కూర్చోగానే చేతి గడియారం విప్పి, వెనక మూత తీసి నా ముందు పెట్టాడు. లోపల చక్రాలు చీమల పుట్టలా కదులుతున్నాయి. అబద్ధమెందుకు, నాకు ముచ్చటేసింది.

వాడి ఆలోచన ఇదీ: లోపలి మిషను స్విట్జర్లాండ్‌ది, ముఖం మాత్రం మనది. డయల్ వెండి రేకు మీద కంచు ఢంకా బొమ్మ, మిషనుతో కాదు, చేత్తో చెక్కింది. సూర్యుడి నడిబొడ్డులోంచి ముళ్ళు వస్తాయి. పాతకాలపు పద్దెనిమిది మంది హూంగ్ రాజుల లెక్కన పద్దెనిమిది గడియారాలు, ఒక్కొక్కటి కారు ఖరీదు. కొనేవాడు ముందే సిద్ధంగా ఉన్నాడు. హై ఫోంగ్‌లో ఓడల వ్యాపారం చేసే క్వాచ్ గారని ఒక ముసలాయన. ఇంటినిండా తవ్వకాల్లో దొరికిన కంచు సామాను పోగేసుకున్న మనిషి. వచ్చే టెట్‌కి తన పిల్లలకీ, వ్యాపారంలో కావలసినవాళ్ళకీ ఇవ్వడానికి మొత్తం పద్దెనిమిదీ తీసుకుంటానన్నాడట, నచ్చితే.

మిషన్లు కొనడానికి వీ బ్యాంకు అప్పు తియ్యాలి. హామీ పెట్టడానికి వాడికి ఏమీ లేదు, వాళ్ళ నాన్న ఎప్పుడో అమ్ముకు తిన్నాడు. నాకు కట్ట పక్కన స్థలం ఉంది, మా అమ్మ పోయాక నా వాటాకి వచ్చింది. నేను చెక్కేది ఇంటి ముందుగదిలో. రేకు కదలకుండా పట్టి ఉంచడానికి లక్క కాచినప్పుడల్లా పొగ ఇల్లంతా కమ్ముతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ పొగ పీల్చి న్యాన్‌కి దగ్గు పట్టుకుంది. డాక్టరు ఆమెనైనా మార్చు, పొయ్యినైనా మార్చు అన్నాడు. ఆ స్థలంలో రేకుల షెడ్డు వేసి పని అక్కడికి మార్చాలని ఇటుకలు కూడా దింపించాను. ఇటుకల మీద నాచు పట్టింది గానీ షెడ్డు లేవలేదు. ఈ గడియారాల కూలితో లేస్తుందని వీ అన్నాడు. స్థలం పట్టా, మేం ఎర్ర పుస్తకం అంటాం, ఏడాదిపాటు బ్యాంకులో ఉంటుంది, క్వాచ్ గారి డబ్బు రాగానే తిరిగొస్తుంది.

మూడోరోజు న్యాన్ అన్నం పెడుతూ, "నా తమ్ముడి కొడుకని ఇస్తున్నావో, గడియారం లోపలి చక్రాలు చూసి ఇస్తున్నావో నాకు తెలీదు. నా పేరు మాత్రం మధ్యలో పెట్టకు" అంది. నేను పుస్తకం ఇచ్చాను. ఇచ్చినందుకు నేనేం తల దించుకోను. నా స్థానంలో ఎవడున్నా ఇచ్చేవాడు.

మొదటి పద్దెనిమిదీ చెక్కడానికి వానలు మొదలయ్యేదాకా పట్టింది. పళ్ళెం మీద చెయ్యడం వేరు, నా బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దదైన రేకు మీద చెయ్యడం వేరు. పక్షి కన్ను వెయ్యాలంటే ఊపిరి బిగబట్టాలి. పని అయ్యాక వీ వచ్చి, ఒక డయల్ తీసుకెళ్ళి మిషనుకి బిగించి చూసుకుంటానన్నాడు. మిగతావి నా దగ్గరే ఉంచాడు. పోతూ పోతూ వాళ్ళత్త కాళ్ళ దగ్గర కూర్చుని, "అత్తా, మావయ్య చేతులకి బీమా చేయించాలి" అన్నాడు. ఆమె, "నోటికి చేయించు, అదే ముందు పోయేది" అంది. అందరం నవ్వుకున్నాం. మా ఇంట్లో వాడితో కలిసి నవ్వడం అదే ఆఖరు.

వారం తిరక్కుండా వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. గడియారం విప్పి బల్ల మీద పెట్టి, చూడు మావయ్యా అన్నాడు. చూశాను. బ్రహ్మాండంగా ఉంది. సరిగ్గా చూడమన్నాడు. అప్పుడు నాకు కనపడింది. సెకన్ల ముల్లు ఇటు తిరుగుతోంది, పక్షులన్నీ అటు ఎగురుతున్నాయి. ఒక్క నిమిషం అలాగే చూస్తే ముల్లు ముందుకి పోతోందో, పక్షులు దాన్ని వెనక్కి లాగుతున్నాయో తెలియకుండా పోయింది.

హనోయ్‌లో కాఫీ కొట్లో స్నేహితులకి చూపిస్తే అందరూ అదే అన్నారట. ఒకడు టైము వెనక్కి నడుస్తున్నట్టుందన్నాడట. ఇంకొకడు, వ్యాపారస్తుడు పండగ పూట ఇలాంటిది చేతికి కట్టుకుంటాడా అన్నాడట. అందుకని పక్షుల్ని తిప్పెయ్యాలన్నాడు వీ. పక్షులు, జింకలు, మనుషులు, అన్నీ ముల్లు తిరిగే వైపుకి.

నేను కుదరదన్నాను. అన్నానని నాకు బాగా గుర్తు. న్యాన్ వంటింట్లోంచి విన్నది కూడా. ఢంకా మీద పక్షులు ఇలాగే ఎగురుతాయి, మా నాన్న ఇలాగే చెక్కాడు, ఆయన నాన్న ఇలాగే చెక్కాడు అన్నాను.

వీ కోప్పడలేదు. నెమ్మదిగా అన్నాడు: "ఢంకాకి ముల్లు లేదు మావయ్యా."

నిజమే కదా, ఢంకాకి ముల్లు లేదు. ఆ పక్షుల్ని చెక్కినవాళ్ళు ముల్లు చూసి ఉండరు. చూసి ఉంటే ఎటు చెక్కేవాళ్ళో ఎవరికి తెలుసు? నేను ఏడో తరగతి వాణ్ణి. వాడు జెనీవాలో చదివినవాడు. అప్పు వాడిది, గడియారం వాడిది, కొనేవాడు వాడికి తెలిసినవాడు. సరేనన్నాను. వాడు బిగించిన డయల్ ఊడదీసి నా చేతికిచ్చాడు. కొత్త వెండి వారంలో పంపిస్తానన్నాడు, పంపించాడు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో ఎవరైనా వద్దని తిప్పి పంపిన సరుకు ఇంట్లో ఉంచుకోరు. పున్నమికీ అమావాస్యకీ వెండి పని నేర్పిన మూలపురుషుడి పీట ముందు అగరొత్తులు వెలిగిస్తాం. వద్దన్న సరుకు ఇంట్లో పెట్టుకుని ఆయన ముందు అగరొత్తి వెలిగించకూడదు. ఆయన పనిని ఎవడో కాదన్నాడని ఆయనకి చూపించినట్టవుతుంది. తర్వాత చేసే ప్రతి సరుకూ అలాగే తిరిగొస్తుంది. అగరొత్తి వెలిగేలోపు అది మూసలో పడి కరిగిపోవాలి. మా ఊళ్ళో పసిపిల్లనడిగినా ఇది చెబుతుంది.

ఎల్లుండి పున్నమి అనగా నేను బొగ్గులు రాజేశాను. న్యాన్ వచ్చి ఒక డయల్ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఒక్కటన్నా ఉంచు, ఎంత కష్టపడ్డావు అంది. కూడదన్నాను. నీ మేనల్లుడు వద్దన్నాక అది సరుకు కాదు, ఉత్త వెండి అన్నాను. ఆమె అది తీసుకొచ్చి మూసలో తనే వేసింది. పక్షులు అంచుల దగ్గర మెత్తబడి, సూర్యుడు కుంగి, కాసేపటికి అంతా ఒకే ముద్ద అయింది. కడ్డీలు పోసి, తూకం వేసి, గ్రాము తేడా లేకుండా వీకి పంపించాను. వాడు తీసుకున్నాడు. కడ్డీలు ముట్టాయి మావయ్యా అని ఫోన్ కూడా చేశాడు. ఏం కడ్డీలు, ఎక్కడివి అని అడగలేదు. ఇది మీరు గుర్తు పెట్టుకోండి.

రెండో పద్దెనిమిది చెక్కడం మొదటిదానికన్నా కష్టమైంది. చెయ్యి మాట వినదు. నేను ఇటు అంటే అది అటు పోతుంది. నలభై ఏళ్ళుగా ఎడమకి ఎగిరే పక్షి ముక్కుని కుడికి తిప్పాలంటే, నా చేత్తోనే నేను కుస్తీ పట్టినట్టుండేది. రేడియో కట్టేశాను. మూడు రేకులు పాడయ్యాయి. కళ్ళు మంట పుట్టి నీళ్ళు కారేవి. తొమ్మిదో నెల చివర్లో పూర్తయ్యాయి. బిగించాక చూస్తే ముల్లూ పక్షులూ కలిసి ఒకే వైపు హాయిగా పోతున్నాయి. నాకే అనిపించింది, కుర్రాడు చెప్పింది నిజమేనని.

పదో నెలలో హనోయ్‌లో ఒక పెద్ద హోటల్లో వాటిని చూపించే ఏర్పాటు చేశారు. వీ నాకు కోటు అద్దెకి తెచ్చాడు, భుజాల దగ్గర పట్టేసింది. నల్లగుడ్డ పరిచిన బల్ల మీద పద్దెనిమిది గడియారాలు. క్వాచ్ గారు చేతికర్ర పట్టుకుని వచ్చారు. సన్నగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, మా ఊరి బడి పంతులులా ఉన్నారు. ఒక గడియారం తీసుకుని భూతద్దంతో చాలాసేపు చూశారు. దాన్ని బల్ల మీద పెట్టి గుండ్రంగా తిప్పారు. ఇంకోటి తీశారు. అదీ అంతే. అప్పుడు వీని కాదు, నన్ను పిలిచారు.

చెక్కింది నువ్వేనా, ఏ ఊరు అని అడిగారు. చెప్పాను. మంచి చెయ్యి అన్నారు. తర్వాత, "మీ ఊళ్ళో పళ్ళాల మీద పక్షులు ఎటు ఎగురుతాయి నాయనా?" అని అడిగారు.

వీ టీ కప్పులోకి చూస్తున్నాడు. నేనేం చెప్పాలి? తెలీదనాలా? ఆ మాట నా నోట రాదు. వీటికి ఎదురు వైపండీ అన్నాను.

"నా తాతముత్తాతలు ఎటు పోయారో అటు పోయే పక్షులు కావాలి నాకు. ముల్లు దాని దారిన అది పోనీ" అన్నారాయన. అరవలేదు, విసుక్కోలేదు. నా పిల్లలు టైము చూసుకోవడానికి ఫోన్లున్నాయి, ఇది అందుకు కాదు అన్నారు.

అప్పుడు వీ ముఖం చూడాలి మీరు. తెల్లబోతాడనుకున్నాను. వెలిగిపోయాడు. క్వాచ్ గారూ, అలాంటివే మొదట చేయించాం, పద్దెనిమిదీ ఉన్నాయి, ముఖాలు మార్చడం ఒక పూట పని అన్నాడు. నావైపు తిరిగాడు.

"మావయ్యా, అత్తకి ఫోన్ చెయ్యి. మొదటి సెట్టు బస్సుకి వేయించమను."

"కరిగించేశాను" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. నువ్వు వద్దన్నావు కదరా, పున్నమిలోపు కరిగించాను అన్నాను. వాడు నవ్వబోయి ఆగిపోయాడు.

క్వాచ్ గారు మాత్రం తలాడించారు. "కరిగించాల్సిందే. మీ ఊరి పద్ధతి నాకు తెలుసు. మంచి పని చేశావు" అన్నారు. నా చెయ్యి పట్టుకుని నొక్కారు కూడా. తర్వాత కర్ర పట్టుకుని లేచారు. టెట్‌కి ముందు మళ్ళీ చెక్కి ఇవ్వగలవా అని గుమ్మం దగ్గర అడిగారు. పద్దెనిమిదీ కుదరదండీ, ఎనిమిదో పదో అవుతాయేమో అన్నాను. అలాగైతే వద్దులే, పద్దెనిమిది మందీ ఒకసారే రావాలి అని వెళ్ళిపోయారు. పాపం ఆయన్నేమనగలను. ఆ గదిలో నేను చేసింది సరైనదన్న మనిషి ఆయనొక్కడే. డబ్బులివ్వకుండా వెళ్ళిపోయింది కూడా ఆయనే.

హోటల్ ఎదురుగా ఫో అమ్మే సేమ్యా పులుసు కొట్లో కూర్చున్నాం నేనూ వీ. ఇద్దరం తినలేదు, సేమ్యా గిన్నెలోనే ఉబ్బిపోయింది.

"కరిగించమని ఎవరు చెప్పారు మావయ్యా నీకు?"

"ఉంచమని ఎవరు చెప్పారు?"

"అడగొచ్చు కదా. ఒక్క ఫోన్."

"కడ్డీలు ముట్టాయన్నావు కదరా. ఆ కడ్డీలేంటనుకున్నావు?"

రేకుల తుక్కు కరిగించి పంపాడనుకున్నా అన్నాడు. పద్దెనిమిది డయళ్ళ బరువున్న తుక్కా అన్నాను. నేను తూచలేదు మావయ్యా, నువ్వు పంపింది నేనెప్పుడు తూచాను అన్నాడు. నమ్మకం కొద్దీ తూచలేదంటాడు. నేను నమ్మకం కొద్దీ గ్రాము తేడా లేకుండా పంపాను. మరి ఇద్దరికీ అంత నమ్మకం ఉంటే ఈ పని ఎలా చెడింది? కొట్టు ఆవిడ వచ్చి బాగోలేదా బాబూ అని అడిగింది. బావుందమ్మా అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఆ తర్వాతంతా బ్యాంకు సంగతి. వీ అప్పు కట్టలేకపోయాడు, వాళ్ళు గడువు పెంచలేదు. గడియారాలు ఎవరో దళారి వచ్చిన ధరకి ఎత్తుకుపోయాడు. అవి మిషన్ల బాకీకే సరిపోలేదు. ఎర్ర పుస్తకం తిరిగి రాలేదు, స్థలాన్ని బ్యాంకు వేలం వేసింది. కట్ట పక్కన ఇప్పుడొకాయన మూడంతస్తుల ఇల్లు కట్టాడు, కింద కరవోకే. నా ఇటుకలు తీసుకుపొమ్మని కబురు పెట్టాడు. మర్యాదస్తుడు. వెళ్ళి తెచ్చుకున్నాను.

ఇంకో సంగతి. పోయిన ఏడాది వీ మళ్ళీ గడియారాలు వేశాడు. ఈసారి పక్షులు ఢంకా మీదిలాగే, ముల్లుకి ఎదురు. మిషనుతో చెక్కించాడట, ఎవరి చేతులూ అరగలేదు. మూలాల వైపు ఎగిరే పక్షులు అని ఏదో రాశారు పేపర్లో. క్వాచ్ గారు కొన్నారో లేదో తెలీదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, నేను చెక్కిన ఆ రెండో పద్దెనిమిదికి ఇప్పుడు గిరాకీ పెరిగిందట. పక్షులు తప్పు దిక్కున పోతున్నాయి, అలాంటివి ప్రపంచంలో ఇంకెక్కడా లేవు అని ఎగబడుతున్నారట. సైగాన్‌లో ఒకటి మొదటి ధరకి మూడింతలకి పోయిందని వీయే వాళ్ళత్తకి ఫోన్లో చెప్పాడు. వింటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒప్పుగా చెక్కితే వద్దన్నారు. తప్పుగా చెక్కితే వద్దన్నారు. ఇప్పుడు తప్పు అయినందుకే కావాలంటున్నారు. పక్షులు మాత్రం పక్షులే.

మా బడి పంతుల్ని అడిగాను, అసలు ఢంకా మీద పక్షులు అటెందుకు ఎగురుతాయని. భూమి తిరిగే దిక్కు అదే అన్నాడు. గుడి పూజారేమో అది కాదు, చచ్చినవాళ్ళు పోయే దిక్కు అన్నాడు. న్యాన్‌ని అడిగితే, "గాలి అటు వీస్తుందేమో. నీకెందుకు, నువ్వు ఎగరాలా?" అంది. ముగ్గురు చెప్పిందీ నిజమే అనిపించింది. మూలపురుషుడి పండగనాడు ఊరేగింపు గుడి చుట్టూ తిరుగుతుంటే, ఎటు తిరుగుతోందని మొదటిసారి చూశాను. పక్షులు తిరిగే వైపే, ముల్లుకి ఎదురు. పల్లకి మోసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి ప్రతి ఏడూ. నా కాళ్ళకి తెలుసన్నమాట. నాకే తెలీదు.

పోయిన టెట్‌కి వీ ఇంటికి వచ్చాడు. నేను వెనక గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి వాడు లేడు, న్యాన్ మణికట్టుకి గడియారం ఉంది. రెండో పద్దెనిమిదిలోది. దళారికి ఇవ్వకుండా ఒకటి దాచాడట అత్త కోసం. తిప్పి పంపెయ్యమన్నాను. "ఇది వద్దన్న సరుకు కాదు, నాకు ఇచ్చిన సరుకు" అంది. అమ్మేస్తే షెడ్డు వెయ్యొచ్చు కదా అన్నాను. ఎక్కడ వేస్తావు అని అడిగింది.

ఆమె అది పెట్టుకునే సంతకి వెళుతుంది, చొక్కా చెయ్యి మడిచి మరీ. దగ్గు వచ్చినప్పుడు ఆ చెయ్యే నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ముందుగదిలో నేను లక్క కాచుకుంటుంటే, ఆమె ఎదురుగా కూర్చున్నప్పుడు నాకు డయల్ కనబడుతుంది. ముల్లూ పక్షులూ కలిసి పోతుంటాయి. చాలాసేపు చూస్తే కాసేపటికి కదిలేది ముల్లో పక్షులో తెలీదు. ఒక్కోసారి రెండూ ఆగిపోయి, వాటి వెనక గోడ కదులుతున్నట్టుంటుంది. అప్పుడు కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఉలి తీసుకుంటాను.

వీ తప్పు ఏమిటో ఇంత రాసినా దొరకలేదు. నా తప్పు ఏమిటో అదీ దొరకలేదు. పోయింది మాత్రం ఖాయంగా తెలుసు, ఎర్ర పుస్తకంలో రాసి ఉండేది: ట్రా లీ కట్టకి ఆనుకుని, తూర్పు ముఖం, ఎనిమిది వందల పదహారు చదరపు మీటర్లు.